కంఫర్టర్‌ని కొలిచాకే కవరు: మన వాతావరణానికి తగిన ఏసీ పక్క

రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. మెడ దగ్గర చేతికి తగిలేది ఉత్త కవరు గుడ్డ. లోపలుండాల్సిన కంఫర్టరంతా జారిపోయి కాళ్ల దగ్గర మూటలా పడి ఉంటుంది. ఏసీ ఉన్న ఇళ్లలో ఈ బాధ చాలామందికి తెలిసిందే. మర్నాడు బజారుకెళ్లి ఇంకో కవరు తెస్తారు, నెల తిరక్కుండా మళ్లీ అదే మూట. చాలాసార్లు కొన్నవి రెండూ విడివిడిగా మంచి సరుకే. కంఫర్టర్ ఒకచోట, కవరు ఇంకోచోట, రెండూ అట్టపెట్టె మీది అంకెలు చూసి కొనడంతోనే చిక్కు మొదలవుతుంది.

ముందు పేర్ల సంగతి. విదేశాల్లో డ్యువే అనేది సాదా తెల్లటి మెత్త. దాన్ని ఎప్పుడూ కవరులోనే ఉంచుతారు, ఉతికేది కవరునే. మన దుకాణాల్లో కంఫర్టర్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువభాగం రంగుల అచ్చుతో, కవరు లేకుండానే కప్పుకునేలా తయారైనవి. వాటి మూలల్లో కవరుని కట్టుకునే ఉచ్చులు ఉండవు. దోహర్ అంటే పలచటి నూలు గుడ్డల మధ్య ఇంకో పలచటి పొర పెట్టి కుట్టిన దుప్పటి, దానికి కవరు పనే లేదు. రజాయి అంటే దూది పరిచి కుట్టింది. కవరు వేసి వాడాలనుకునేవారు కొనే ముందే మూలల్లో ఉచ్చులు ఉన్నాయో లేదో తడిమి చూసుకోవాలి.

ఎంత మందం కావాలి

విజయవాడలో రోహిణి కార్తె ఎండలు 40 డిగ్రీలు దాటిస్తాయి. భోగి ముందటి చలి రాత్రుల్లోనూ ఉష్ణోగ్రత సాధారణంగా 18, 19 దగ్గరే ఆగిపోతుంది. గుంటూరు సంగతీ అంతే. అంటే ఇక్కడ కంఫర్టర్ అవసరం ఊరి చలితో వచ్చింది కాదు, ఏసీతో వచ్చింది. కాబట్టి మందం నిర్ణయించాల్సింది కూడా ఏసీ రిమోట్ మీది అంకే. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిబంధన ప్రకారం 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలి. ఆ 24 దగ్గరే ఉంచి, పైన ఫ్యాన్ తిప్పుకునే ఇంట్లో 100 నుంచి 150 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి అన్ని గ్రాములు) నింపుడు సరిపోతుంది. 20, 21కి దించి పడుకునే అలవాటుంటే 200 కావాలి. 300, 400 జీఎస్‌ఎం అని బొద్దుగా కనిపించేవి లంబసింగి చలికి పనికొస్తాయి. ఇక్కడ వాటిని కప్పుకున్నవాళ్లు అర్ధరాత్రి చెమటపట్టి ఏసీని ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తారు, ఆ భారం కరెంటు బిల్లు మీద పడుతుంది.

జీఎస్‌ఎం చెప్పేది నింపుడు బరువు. విదేశీ సరుకు మీద ఇంకో అంకె ఉంటుంది, టాగ్. అది వేడిని ఎంత ఆపుతుందో చెప్పే బ్రిటిష్ కొలత. అక్కడ వేసవికి 4.5, గట్టి చలికాలానికి 13.5 వాడతారు. మన ఏసీ గదికి 4.5 లేదా అంతకన్నా తక్కువే కావాలి. జీఎస్‌ఎంని టాగ్‌లోకి మార్చే ఒకే లెక్కంటూ లేదు. ఒకే బరువున్న నూలు దూది, పీచు పాలిస్టర్ వేరువేరు మందాల్లో పొంగుతాయి, వేడిని వేరుగా ఆపుతాయి.

పెట్టె మీది జీఎస్‌ఎం నిజమో కాదో తేల్చడానికి సామాన్ల బరువు చూసే చిన్న కొక్కెం త్రాసు చాలు. 90 బై 100 అంగుళాల డబుల్ కంఫర్టర్ విస్తీర్ణం సుమారు 5.8 చదరపు మీటర్లు. 200 జీఎస్‌ఎం అంటే నింపుడు ఒక్కటే 1 కిలో 160 గ్రాములు ఉండాలి. పైగుడ్డ, కిందిగుడ్డ చదరపు మీటరుకి 90 గ్రాముల చొప్పున ఉన్నా ఇంకో కిలో దాటుతుంది. మొత్తం రెండు కిలోల రెండొందలు. కొక్కేనికి తగిలించినప్పుడు కిలోన్నర మాత్రమే చూపిస్తే లోపలున్న నింపుడు 80 జీఎస్‌ఎం కూడా లేనట్టే. ఇలా తేడా రావడానికి ఒక కారణం, కొందరు అమ్మేవాళ్లు గుడ్డ బరువు కూడా కలిపి అంకె చెప్పడం. ‘ఇది ఫిల్లింగ్ జీఎస్‌ఎమ్మా, మొత్తం జీఎస్‌ఎమ్మా’ అని అడిగితే తెలిసిన దుకాణదారు వెంటనే చెబుతాడు. 60 బై 90 సింగిల్‌కి 200 జీఎస్‌ఎం నింపుడు 700 గ్రాములు, గుడ్డతో కలిపి సుమారు కిలో మూడొందలు.

లోపల ఏముంది

గుంటూరు, పల్నాడు నల్లరేగళ్లు పత్తికి పేరుపడ్డ నేలలు. అయినా ఈ ఊళ్లలో అమ్ముడయ్యే కంఫర్టర్లలో ఎక్కువభాగం పాలిస్టర్ పీచుతో నిండినవే. అందుకు కారణం ధర ఒక్కటే కాదు, ఉతకడం కూడా. పాలిస్టర్ దాదాపు నీరు పీల్చదు. మామూలు గాలిలో అది పట్టి ఉంచే తేమ దాని బరువులో 0.4 శాతం, నూలుది 8.5 శాతం. ఈ ఒక్క తేడా రెండు వైపులా పనిచేస్తుంది. నూలు దూది చెమటని లాగేస్తుంది, ఒంటికి హాయిగా ఉంటుంది, కానీ తడిస్తే త్వరగా ఆరదు. పాలిస్టర్ మధ్యాహ్నానికే ఆరిపోతుంది, కానీ చెమటపట్టినప్పుడు ఉక్కపోస్తుంది. పాలిస్టర్ నింపుడుకి మంచి నూలు కవరు వేయడం అందుకే తెలివైన పని. ఒంటికి తగిలేది నూలు, లోపలుండేది త్వరగా ఆరేది.

పాలిస్టర్‌లోనూ రకాలున్నాయి. బోలుగా ఉండి, సిలికాన్ పూత వేసిన సన్నని పీచు నొక్కి వదిలితే నెమ్మదిగా పైకి లేస్తుంది, చేతి కింద జారినట్టుంటుంది. నాసిరకం పీచు గరగరలాడుతుంది, పిడికిట్లో నలిపితే ముద్దలా ఉండిపోతుంది. పైగుడ్డని రెండు వేళ్లతో పట్టి లోపలి పీచుతో సహా రుద్ది చూడాలి. అక్కడక్కడ గింజల్లాంటి ఉండలు తగిలితే అది పక్కన పెట్టేయాల్సిన సరుకు. ఆరు ఉతుకుల తర్వాత ఆ ఉండలే పెద్ద గడ్డలవుతాయి.

దూది రజాయి కావాలనుకుంటే దాని పద్ధతి దానిదే. ఏకిన దూది పలచగా, సమంగా పరిచి దగ్గర దగ్గరగా కుట్టాలి. మిషన్లో వేయకూడదు, వేస్తే దూది గడ్డకట్టి ఒక మూలకి చేరుతుంది. ఎండలో వేసి దులపడం, కవరు ఉతకడం, కొన్నేళ్లకి విప్పి మళ్లీ ఏకించి కుట్టించడం, దాని సంరక్షణ ఇంతే. వీధుల్లోకి ఏకే మిషన్ బండి తెచ్చే పనివాళ్ల చేత చేయిస్తే కళ్లముందే పని జరుగుతుంది, పాత దూదిలో ఎంత దుమ్ము పోయిందో, ఎంత కొత్త దూది కలిసిందో కనిపిస్తుంది. బూరుగు దూది మాత్రం కప్పుకునేదానికి వద్దు. దాని పీచు నున్నగా, పొట్టిగా ఉంటుంది, ఒకదానికొకటి పట్టుకోదు. దిండులో బాగుంటుంది, కుట్టిన రజాయిలో మాత్రం మడతల దగ్గర విరిగి పొడవుతుంది.

బాతు ఈకల నూగుతో చేసిన ఖరీదైన డ్యువేలు కూడా ఇప్పుడు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. నూగు బయటికి రాకుండా వాటికి చాలా దట్టంగా నేసిన గుడ్డ వాడాలి. కృష్ణ ఒడ్డు తేమలో వాటిని పూర్తిగా ఆరబెట్టడం కష్టం, సగం ఆరితే వాసన పడతాయి. ఇక్కడి ఇంటికి అవి అవసరం లేదు.

కుట్టు, అంచు, ఉచ్చు

కంఫర్టర్ ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పేది కుట్టు. నింపుడు పలకలా పరిచిన పాలిస్టర్ అయితే గళ్లు 10, 12 అంగుళాలున్నా పర్వాలేదు. విడి పీచు నింపిందైతే గడి అంతకన్నా చిన్నదిగా, నాలుగు వైపులా మూసి ఉండాలి. నిలువు గీతలు మాత్రమే కుట్టిన దాంట్లో పీచు పైనుంచి కిందికి జారుతుంది. చవక సరుకులో దారమే ఉండదు. యంత్రం వేడితో పైగుడ్డని, పీచుని చుక్కలు చుక్కలుగా అంటిస్తుంది. దగ్గరగా చూస్తే కుట్టులా కనిపించే ఆ గీతలో సూది రంధ్రాలు ఉండవు, చిన్న చిన్న నొక్కుళ్లు ఉంటాయి. నాలుగు ఉతుకులకే ఆ చుక్కలు విడిపోతాయి, లోపలి పలక మొత్తం ఊడి తిరుగుతుంది. దీన్ని బాగుచేయడం కుదరదు కాబట్టి కొనేటప్పుడే గోరుతో గీరి చూసుకోవడం మంచిది.

అంచు కుట్టులో అంగుళానికి 8, 10 కుట్లు ఉండాలి. ఉచ్చు ఎక్కడ కుట్టారన్నది అంతకన్నా ముఖ్యం. నాడా రెండు కొసలూ అంచు కుట్టులోకి వెళ్లి ఉంటే అది లాగుడుకి ఆగుతుంది. పైగుడ్డ మీద అతికించినట్టు కుట్టి ఉంటే, కవరు మార్చే రోజున గుడ్డతో సహా చిరుగుతుంది. నాలుగు మూలలకి నాలుగు ఉచ్చులు తప్పనిసరి. డబుల్ సైజుకి పొడుగు వైపులా మధ్యలో ఇంకో రెండు ఉంటే నయం. ఉచ్చులు లేని కంఫర్టర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే బట్టలు కుట్టేవారి దగ్గర అంచు కుట్టు అంగుళం విప్పించి అరంగుళం నాడా లోపలికి దూర్చి కుట్టించవచ్చు, అది పది నిమిషాల పని.

పైగుడ్డ ఏదన్నది కూడా కవరు పట్టుని మారుస్తుంది. నున్నటి పాలిస్టర్ పైగుడ్డ, దాని మీద నున్నటి శాటిన్ నేత కవరు కలిస్తే ఉచ్చులున్నా నడుమ భాగం జారుతూనే ఉంటుంది. నూలు మీద నూలు పట్టుకుంటుంది. లోపలిది పాలిస్టర్ అయినప్పుడు కవరు మామూలు సాదా నేత నూలుదైతే మేలు.

అసలు కొలతలు

వరస తప్పకూడదు. మొదట మంచం, తర్వాత కంఫర్టర్, ఆ తర్వాతే కవరు. ఎక్కువమంది రంగు నచ్చిందని కవరుతో మొదలుపెడతారు.

మన వడ్రంగులు చేసే డబుల్ మంచాలు ఆరు బై ఆరుంపావు, ఆరు బై ఆరున్నర, ఐదు బై ఆరున్నర అడుగులు. అంటే వెడల్పు 72 లేదా 60 అంగుళాలు. పరుపు మందం 6 అంగుళాలు అనుకుందాం. 90 బై 100 కంఫర్టర్‌ని 72 అంగుళాల మంచం మీద 90 అడ్డంగా వచ్చేలా వేస్తే రెండు వైపులా తొమ్మిదేసి అంగుళాలు మిగులుతాయి. అందులో ఆరు పరుపు మందానికే పోతాయి, వేలాడేది మూడు. ఇద్దరు పడుకుని ఒకరు అటు తిరిగితే రెండోవారికి వీపు బయటపడుతుంది. అదే కంఫర్టర్‌ని 100 అడ్డంగా వచ్చేలా తిప్పితే పక్కకి పద్నాలుగేసి, అందులో వేలాడేవి ఎనిమిదేసి అంగుళాలు. పొడవుకి మిగిలే 90 కూడా చాలు, ఎందుకంటే కంఫర్టర్ తలగడ మీదకి పోదు, మెడ దగ్గర ఆగుతుంది. 60 అంగుళాల మంచానికి మాత్రం 90 అడ్డంగా వేస్తేనే బాగుంటుంది.

ఇక్కడే కవరు సంగతి అడ్డం తిరుగుతుంది. కవరు నోరు కాళ్ల వైపు ఉండాలి. 72 అంగుళాల మంచానికైతే నోరు 100 వైపు, 60 అంగుళాల మంచానికైతే 90 వైపు ఉండాలన్నమాట. ఇది చూసుకోకుండా కొంటే జిప్పో గుండీలో పక్కకి వచ్చి, అటు తిరిగి పడుకున్నవారి చేతికి గుచ్చుకుంటాయి. తరచుగా జరిగే ఇంకో పొరపాటు కంఫర్టర్‌ని అడ్డదిడ్డంగా దూర్చడం. 90 వైపుని కవరు 100 వైపుకి పెడితే ఒక దిక్కున పది అంగుళాలు ఖాళీ, ఇంకో దిక్కున పది అంగుళాలు మడత. చూడ్డానికి రెండూ దాదాపు చదరంగానే ఉంటాయి కాబట్టి కంటికి తెలియదు. కంఫర్టర్ పొట్టి వైపు అంచుకి ఎర్రదారంతో ఒక కుట్టు, కవరు లోపల పొట్టి వైపు కూడా అలాంటిదే ఒక కుట్టు వేసి ఉంచితే ఈ గొడవ శాశ్వతంగా పోతుంది.

పెట్టె మీది సైజుని నమ్మకూడదనడానికి కారణం ఉంది. గుడ్డని 60 బై 90కి కత్తిరించి, లోపల నింపుడు పెట్టి గళ్లు కుట్టాక అది ముడుచుకుని 58 బై 88 దగ్గరికి వస్తుంది. కొందరు కత్తిరించిన కొలతనే రాస్తారు, కొందరు తయారయ్యాక కొలిచి రాస్తారు. అందుకని ఇంట్లో కొలవాలి. గచ్చు మీద పరిచి, చేత్తో మడతలు మాత్రమే సరిచేసి, లాగకుండా టేపు పెట్టాలి. ప్రతి దిక్కునా మూడుచోట్ల, అంటే రెండు కొసల దగ్గరా నడుమా కొలిచి, వచ్చిన మూడింటిలో నడిమి అంకె తీసుకోవాలి. తర్వాత మూల నుంచి మూలకి రెండు ఐమూల కొలతలూ చూడాలి. రెండింటికీ అంగుళం పైన తేడా ఉంటే అది వంకరగా కుట్టింది. దానికి ఎంత మంచి కవరు వేసినా ఒక మూల బిగుసుకుంటుంది, ఎదురు మూల వేలాడుతుంది. తిరిగి ఇచ్చేయడమే మందు.

కవరుని తిరగేసి, కుట్టు నుంచి కుట్టు వరకు కొలవాలి. చుట్టూ రెండంగుళాల గుడ్డ అంచు అలంకారంగా వదిలిన కవర్లుంటాయి. వాటి పెట్టె మీది సైజులో ఆ అంచు కూడా కలిసిపోతుంది. 90 బై 100 అని రాసినా లోపల దొరికే చోటు 86 బై 96 అయిపోతుంది. మూలల్లో కంఫర్టర్ కుక్కినట్టు తయారవడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండు అంకెలూ చేతిలోకి వచ్చాక ఎంత తేడా ఉండొచ్చు? 200 జీఎస్‌ఎం, ఆపైన పొంగే రకానికి కవరు లోపలి కొలత సమానంగా కానీ, ఒకటి రెండు అంగుళాలు తక్కువగా కానీ ఉంటే మూలలు నిండుగా కనిపిస్తాయి. పలచటి 120 రకానికి సమానంగానే ఉండాలి, దానికి పొంగు లేదు కాబట్టి ఇరుకైతే లోపల ముడతలు పడుతుంది. కవరు రెండంగుళాలు పెద్దదైతే ఉచ్చులు కాపాడతాయి. నాలుగు దాటితే ఉచ్చులు కూడా ఏమీ చేయలేవు, మూలలు పట్టుకుని ఉన్నా నడుమంతా జారుతుంది. 90 బై 108 కవరులో 90 బై 100 కంఫర్టర్ వేసినవారి బాధ ఇదే. దానికి కొత్త కవరు అక్కర్లేదు. కవరుని తిరగేసి, నోరు లేని ఒక 90 అంగుళాల అంచు నుంచి ఏడంగుళాలు లోపలికి కొత్త కుట్టు వేయించి, మిగిలిన గుడ్డ కత్తిరించి, కట్టుకునే నాడాలని కొత్త మూలల్లోకి మార్పిస్తే సరిపోతుంది. ఎనిమిది బదులు ఏడు అనడం తర్వాతి ఉతుకుల్లో ముడుచుకునే గుడ్డ కోసం.

ముడుచుకోవడం చిన్న విషయం కాదు. ముందే కుంచింపజేయని నూలు గుడ్డ మొదటి రెండు మూడు ఉతుకుల్లో 3 నుంచి 5 శాతం తగ్గుతుంది. 100 అంగుళాలకి 5 శాతం అంటే 5 అంగుళాలు. లోపలి పాలిస్టర్ కంఫర్టర్ దాదాపు అలాగే ఉంటుంది. కొన్న రోజున చక్కగా పట్టిన కవరు ఉగాదికి ఇరుకయ్యేది ఇందుకే. శాన్‌ఫరైజ్డ్ అని అచ్చువేసిన గుడ్డలో ఈ తగ్గుడు ఒక శాతం దగ్గరే ఉంటుంది. ఆ మాట లేని నూలు కవరు కొనేటప్పుడు మూడు నాలుగంగుళాలు పెద్దది ఎంచుకుని, వాడకముందే రెండుసార్లు ఉతికి ఆరేసి, అప్పుడు మళ్లీ కొలవాలి.

కుట్టించుకుంటే

కొలత కుదరనప్పుడు కుట్టించుకోవడమే మంచి దారి, ఈ రెండు ఊళ్లలో అది కష్టమూ కాదు. విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలోనో, గుంటూరు పట్నంబజారు వైపు బట్టల దుకాణాల్లోనో దుప్పట్ల వెడల్పు తాను అడిగితే 90, 108 అంగుళాల పన్నా గుడ్డ దొరుకుతుంది. 90 బై 100 కవరు, నోరు 100 వైపు అనుకుంటే ఒక్కో ముఖానికి 90 అంగుళాలు, దానికి కుట్టుకి ఒకటి, నోటి మడతకి మూడు కలిపి 94. రెండు ముఖాలకి 188. అయిదు శాతం ముడుచుకోవడానికి కలిపితే దాదాపు 198 అంగుళాలు, అంటే 108 పన్నాలో అయిదు మీటర్ల పైచిలుకు. అయిదుంపావు మీటర్లు తీసుకుంటే బెంగలేదు. గుడ్డని రెండుసార్లు నీళ్లలో తడిపి ఆరేశాకే కత్తెర పెట్టమని దర్జీకి చెప్పాలి, తొందరలో వదిలేసేది ఆ పనే.

నేత విషయంలో దారాల లెక్క చూసి మోసపోవద్దు. చదరపు అంగుళానికి 200 నుంచి 300 దారాల సాదా నేత మన ఉక్కకి చక్కగా సరిపోతుంది. వెయ్యి అని రాసినవాటిలో పేనిన పోగుల్ని విడివిడిగా లెక్కపెట్టడం మామూలే. ఈ రెండు ఊళ్ల దారి మధ్యలో మంగళగిరి ఉంది, అక్కడి చేనేత నూలు కూడా కవరుకి ఎంతో బాగుంటుంది, కాకపోతే పన్నా చిన్నది కాబట్టి అతుకు తప్పదు. అతుకుని మధ్యలో కాకుండా రెండు పక్కలకి వేయిస్తే పడుకున్నప్పుడు ఒంటికి తగలదు.

పాత నూలు చీరలు కూడా కవరుకి మంచి గుడ్డే. ఏళ్లతరబడి ఉతికినవి కాబట్టి ఇక ముడుచుకోవు, మెత్తదనం ఏ కొత్త గుడ్డకీ రాదు. చీర పొడవు అయిదున్నర మీటర్లు, వెడల్పు 46 అంగుళాలు అనుకుంటే సింగిల్ కవరుకి ఒక్క చీర చాలదు. రెండు చీరలుంటే మాత్రం సింగిలే కాదు, డబుల్ కూడా అవుతుంది. ఒక్కో చీరని సగానికి కత్తిరిస్తే 108 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి, వాటిని పక్కపక్కన కలిపితే 90 బై 100కి సరిపడే ఒక ముఖం. ఎండకి పట్టి చూసి పోగులు పలచబడ్డ చోటుని కాళ్ల వైపు మడతలోకి పంపాలి.

నోటికి జిప్పు వేయించాలా, గుండీలా? చంటిపిల్లలున్న ఇంట్లో గుండీలు వద్దు. నైలాన్ జిప్పుని మడత కింద దాగేలా వేయించాలి. గుండీలైతే ఆరేడంగుళాలకొకటి ఉండాలి, దూరమైతే కంఫర్టర్ మధ్యలోంచి బయటికి పొడుచుకొస్తుంది. నోరు కనీసం 40 అంగుళాలుండాలి. లోపలి మూలల్లో ఒక్కోచోట పది అంగుళాల నాడాలు రెండు కుట్టిస్తే ఉచ్చుకి ముడి వేయడానికి చేతికి అందుతాయి.

తొడిగే పద్ధతి

చేతులు లోపలికి దూర్చి మూలలు వెతుక్కోవడం అనవసరమైన శ్రమ. కవరుని తిరగేసి మంచం మీద పరచాలి, నోరు కాళ్ల వైపు. దాని మీద కంఫర్టర్ పరిచి నాలుగు మూలలూ ఉచ్చులకి కట్టాలి. తలవైపు నుంచి రెండింటినీ కలిపి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ నోటి దాకా రావాలి. అక్కడ కవరు నోటిని చుట్ట రెండు కొసల మీదుగా వెనక్కి తిప్పి, నోరు మూసి, చుట్టని మళ్లీ తలవైపు విప్పుకుంటూ పోతే కవరు మంచి ముఖం పైకి వచ్చేస్తుంది. ఒక్కరే చేసుకోవచ్చు.

ఒకరికి చలి, ఒకరికి ఉక్క అయిన ఇంట్లో డబుల్ కంఫర్టర్ ఒకటి కొనేకంటే 60 బై 90 సింగిల్స్ రెండు కొనడం మేలు. జర్మనీలో ఒకే మంచం మీద ఇద్దరికీ రెండు విడి డ్యువేలు వేసుకోవడం మామూలే. ఒకరిది 120 జీఎస్‌ఎం, ఇంకొకరిది 200 తీసుకోవచ్చు. రాత్రి లాక్కోవడాలు ఉండవు. పైగా సింగిల్‌ని ఇంటి మిషన్లో ఉతకడం తేలిక.

ఉతుకు, ఎండ, వాన

కవరుని వారం పది రోజులకొకసారి ఉతకాలి. దుమ్ము పురుగుల వల్ల తుమ్ములు, ఆయాసం వచ్చేవారుంటే 60 డిగ్రీల నీటిలో ఉతికితే ఆ పురుగులు చస్తాయి. రంగు పోతుందన్న భయం లేకుండా ఉండాలంటే వారి కవరు తెల్లదో, లేత రంగుదో తీసుకోవడం మంచిది. కంఫర్టర్‌ని మాత్రం ఏడాదికి రెండుసార్లు ఉతికితే చాలు. డ్రమ్ములో వేశాక పైన మూడోవంతు ఖాళీ కనిపించాలి. కూరితే మధ్యభాగానికి నీరు చేరదు, సబ్బు అక్కడే ఉండిపోయి తర్వాత జిగటగా తగులుతుంది. 7 కిలోల మిషన్‌కి సింగిల్ హాయిగా పడుతుంది, డబుల్ ఇరుకు. ద్రవ సబ్బు మామూలులో సగం వేసి, జాడింపు ఒకటి అదనంగా పెట్టాలి.

ఉతికే కాలం మాఘం నుంచి వైశాఖం దాకా. తొలకరి పడ్డాక, అక్టోబరు వానలు ఆగేదాకా కంఫర్టర్‌ని నీళ్లలో పెట్టకపోవడమే క్షేమం. ఈ తేమలో పైగుడ్డ ఆరినట్టే ఉంటుంది, అంచు కుట్ల దగ్గర పీచు తడిగానే ఉంటుంది. రెండు రోజుల్లో ముక్కవాసన, వారంలో నల్లటి బూజు చుక్కలు. డాబా మీద ఒక తాడు మీద సగానికి మడిచి వేయకూడదు, నీరంతా మడత దగ్గరికి దిగి గడ్డలు కడుతుంది. రెండు అడుగుల ఎడంతో రెండు తాళ్లు కట్టి వాటి మీద పరిచి, రెండు గంటలకొకసారి తిప్పుతూ, గడిగడినీ చేత్తో తట్టి పీచుని విడదీయాలి. ఆరిందో లేదో మూలల్ని బుగ్గకి ఆనించి చూస్తే తెలుస్తుంది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ సంచి దుకాణం నుంచి ఇంటికి తేవడానికే. అందులో పెట్టి అటక ఎక్కిస్తే లోపలి తేమకి దారి ఉండదు. పాత దుప్పటితో కుట్టిన సంచిలో, పైన బరువు పెట్టకుండా ఉంచాలి. గాలి లాగేసే సంచుల్లో నెలలతరబడి నొక్కి ఉంచితే బోలు పీచు చితికిపోతుంది. వానాకాలంలో ఎండ కాసిన రోజు దొరికితే, ఉతక్కపోయినా కవరు తీసి ఒక గంట నీడపట్టున గాలికి ఆరేసి, మళ్లీ సంచిలో పెట్టే ముందు ఇంకో గంట గదిలో ఫ్యాన్ కింద ఉంచాలి.